యాభై మెగాహెర్ట్జ్ పొగరు

రేడియో ఆపరేటర్‌ని చంపినవాళ్ళు పోతూ పోతూ అతని టీ కూడా తాగి పోయారు.

ఫైల్లో అదే మొదటి వాక్యం. కిటికీ అద్దం గుండ్రంగా కోసి ఉంది. ఆపరేటర్ కుర్చీలోనే ఒరిగిపోయాడు, హెడ్‌ఫోన్స్ ఇంకా చెవులకే ఉన్నాయి. టేబుల్ మీద ఖాళీ కప్పు. ఏజెంట్ ముల్లు ఫైలు మూసి, ఎదురుగా కూర్చున్న పెద్దాయన ముందుకి తోశాడు.

"చంపడం వాళ్ళ ఉద్యోగం సార్. చచ్చినవాడి ఎంగిలి తాగడం మాత్రం వాళ్ళ బుద్ధి."

పెద్దాయన, అంటే గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్, ఈ మాటకి నవ్వలేదు, కోప్పడనూ లేదు. ముల్లు నోటికి ఆయన ఎప్పుడో అలవాటు పడిపోయాడు. ఆఫీసులో ఆ నోటి బారిన పడనివాళ్ళు లేరు. రికార్డుల సెక్షన్‌ని శ్మశానమన్నాడు. కొత్త ట్రైనీలని మైనపు బొమ్మలన్నాడు. తనకే మెడల్ ఇచ్చిన రోజు దాన్ని గోటితో కొట్టి చూసి, లోపల డొల్ల అన్నాడు. అతని కోడ్‌నేమ్ కోసం ఎవరూ మీటింగ్ పెట్టలేదు, దానంతటదే అతుక్కుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందిరా అని చిన్నప్పట్నుంచీ తల్లి చెబుతూనే వచ్చింది. డ్యూటీ మీద ఊళ్ళు చాలానే మారాడు గాని నోరు మారలేదు.

"పోయిందేమిటి?" అని అడిగాడు ముల్లు.

"ఒక ఫ్లాపీ డిస్క్. అందులో మన పాత డీకోడింగ్ ప్రోగ్రామ్."

ముల్లు కుర్చీలో వెనక్కి వాలాడు. పాత ట్రాన్స్‌మిటర్లని, వాటి పాత కోడ్‌ని చెత్తబుట్టలో వెయ్యమని అతను ఎన్నో రిపోర్టులు రాశాడు. కొత్తవాటికి పెట్టాల్సిన డబ్బుతో డిపార్ట్‌మెంట్ వెయిటింగ్ రూముకి సోఫాలు కొంది. ఇప్పుడు తను కూర్చున్నది కూడా ఆ సోఫాల వంశంలోదే. ఆ సంగతి ఎత్తబోయేంతలో పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆ పాత సెట్ ఇప్పుడు ఫీల్డ్‌లో ఒక్కరి దగ్గరే ఉంది. మీ చెల్లెలి దగ్గర."

ముల్లు మూసిన ఫైలుని మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

అతని చెల్లెలూ డిపార్ట్‌మెంట్ మనిషే. రెండేళ్ళుగా అఖాతానికి అవతల, శత్రుముఠా హెడ్ ఆఫీసులో టైపిస్టుగా పనిచేస్తోంది. ఆ ముఠాని డిపార్ట్‌మెంట్‌లో 'కొంగలు' అంటారు. ఒంటికాలి మీద నిలబడి జపం చేస్తున్నట్టే ఉంటారు, చేప కనబడితే చాలు, జపం మరిచిపోతారు. ఆమె మీద వాళ్ళకి అనుమానం వచ్చింది. రేపు సాయంత్రం ఒక చేపల లాంచీలో ఇవతలికి వచ్చేస్తోంది. ఈ ఒడ్డున తొమ్మిది రేవులున్నాయి. దారిలో ఎదురయ్యే బోట్లని బట్టి ఏ రేవులో దిగాలో తనే తేల్చుకుని, అఖాతం మధ్య నుంచి ఒకే ఒక్క మెసేజ్ పంపుతుంది. ఆ సెట్‌కి పంపడమే వచ్చు, వినడం రాదు. కాబట్టి ఆమెని హెచ్చరించే దారి లేదు. మెసేజ్ పంపాక రేవు చేరడానికి ఆమెకి అరగంట పడుతుంది.

"మన దగ్గర కోడ్ విప్పే కీ ఉంది, నిమిషంలో చదివేస్తాం," అన్నాడు పెద్దాయన. "కొంగలకి కీ లేదు. ఆ ప్రోగ్రామ్‌తో వెతుక్కుంటూ లైను తర్వాత లైను విప్పుకోవాలి. మెసేజ్‌కి నాలుగు లైన్లు. రేవు నంబరు ఆఖరి లైన్లో ఉంటుంది."

"ఎంతసేపట్లో విప్పుతారు?"

"అది స్క్రూ బాబాయి చెబుతాడు."

స్క్రూ బాబాయి గాడ్జెట్ సెక్షన్ హెడ్. ఎవరికీ వరసకి బాబాయి కాడు గాని అందరికీ బాబాయే. జేబులో స్క్రూడ్రైవర్ లేకుండా పెళ్ళిపీటల మీద కూడా కూర్చోలేదని ప్రతీతి. ఒక పాత సర్క్యూట్ కార్డు పట్టుకొచ్చి టేబుల్ మీద పెట్టి, పిల్లలకి కథ చెబుతున్నట్టు మొదలుపెట్టాడు. ఆ ప్రోగ్రామ్ అది పుట్టిన కాలంనాటి కంప్యూటర్ మీద తప్ప నడవదట, అందులో ఉన్న ఒక చిప్‌ని వాసన చూసి గాని నోరు తెరవదట. ఆ కంప్యూటర్ ముసలి గుర్రం. ఈ యాక్సిలరేటర్ కార్డు దాని పక్కన కట్టే పడుచు గుర్రం. కార్డు మీద వేరే ప్రాసెసర్ ఉంటుంది, దాన్ని పరిగెత్తించే డప్పు ఈ చిన్న వెండిడబ్బా. దీన్ని క్రిస్టల్ అంటారు. డప్పు ఎంత జోరుగా కొడితే గుర్రం అంత జోరుగా పరిగెడుతుంది.

"ఇది ఇరవై అయిదు మెగాహెర్ట్జ్ కార్డు. దీని మీద నాలుగు లైన్లకీ నలభై నిమిషాలు పడుతుంది. మీ చెల్లెలు ముప్ఫైలో ఒడ్డెక్కేస్తుంది."

"మరింకేం."

"వాళ్ళ దగ్గర ప్రొఫెసర్ అని ఒకడున్నాడు. క్రిస్టల్ పీకి పెద్దది పెడతాడు. దాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. నలభై పెట్టాడనుకో, పాతిక నిమిషాల్లో రేవు నంబరు చేతిలో ఉంటుంది. రేవులో తుపాకులు ముందే ఉంటాయి."

రెయిడ్ చెయ్యడానికి లేదన్నాడు పెద్దాయన. ఈ ఒడ్డున కొంగలు ఉండేది విదేశీ ఎగుమతుల ఆఫీసు, పోలీసు గడప దాటితే రెండు ప్రభుత్వాలు కొట్టుకుంటాయి. రేవులో మనమే కాపు వేద్దామంటే, రెండు పక్కల తూటాల మధ్య ఆమె దిగాల్సొస్తుంది. కార్డు పాడుచేద్దామంటే ప్రొఫెసర్ దగ్గర ఇంకో మూడున్నాయి. బాంబున్న క్రిస్టల్ ఒకటి తయారుగా ఉందని స్క్రూ బాబాయి ఆశగా చెప్పాడు గాని, ప్రొఫెసర్ ప్రతి క్రిస్టల్‌నీ మీటర్ మీద పెట్టి చూసిగాని వాడడని తనే ఒప్పుకున్నాడు.

"ఒకే దారి ఉంది," అన్నాడు బాబాయి. "ఓవర్‌క్లాక్ చేసిన చిప్ చచ్చే ముందు అబద్ధాలాడుతుంది. నలభై దాకా ఏదో నిజాయితీగా లాక్కొస్తుంది. యాభై పెట్టి, అది కాస్త వేడెక్కిందంటే మాత్రం రెండు రెళ్ళు అయిదంటుంది. అదీ మహా స్పీడుగా అంటుంది."

"అంటే నేను వెళ్ళి, మా చెల్లెల్ని చంపబోయేవాణ్ణి ఇంకా తొందరగా కానివ్వమని ప్రోత్సహించాలి."

"ప్రోత్సహించడం నీకు చేతకాదు," అన్నాడు పెద్దాయన. "అవమానించు. ఈ ఆఫీసులో ఆ విద్యలో నిన్ను మించినవాడు లేడు."

*

మర్నాడు మధ్యాహ్నానికి ముల్లు స్పేర్‌పార్టుల షాపు మనిషైపోయాడు. మోచేతుల దగ్గర నిగనిగలాడే పాత కోటు, మందపాటి కళ్ళజోడు, చేతిలో క్రిస్టల్స్ పెట్టె. జేబులో పెన్ను. ఆ పెన్ను రాయదు. దేనివైపు తిప్పితే దాని వేడి ఎంతో క్లిప్పు మీద అంకెల్లో చూపిస్తుంది. ఇంతకంటే పనికొచ్చే ఆయుధం ఇవ్వమంటే, నీ నోరుందిగా అని స్క్రూ బాబాయి నవ్వాడు.

ఎగుమతుల ఆఫీసు మూడో అంతస్తులో ముత్యం ఎదురొచ్చింది. ముత్యం అంటే కొంగల పార్టీలకి వెలుగు, డిపార్ట్‌మెంట్ ఖర్చుల ఖాతాలో ఒక పెద్ద అంకె. ఇద్దరి దగ్గరా జీతం తీసుకుంటుంది, ఇద్దరికీ సగం సగం నిజం చెబుతుంది. నల్లటి గౌను, మెడలో పేరుకి తగ్గ హారం, చేతిలో చిన్న కెమెరా. కొంగల డైరెక్టర్‌కి ఆల్బమ్‌ల పిచ్చి, ఆవిడ కెమెరా లేకుండా గది దాటదు.

"ఇక్కడి గడియారం ఆగిపోయిందా?" అన్నాడు ముల్లు. అది కోడ్.

"ఆగలేదు, అలిగింది," అంది ముత్యం. అది జవాబు. తర్వాత అతని కోటు మీంచి కింద బూట్ల దాకా ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "వాళ్ళకి ఇంకెవరూ దొరకలేదా?"

"నిన్ను నమ్మినవాళ్ళకి దొరికేది నేనే."

ఆవిడ తలుపు తీసింది. ఈవిడ ఈ పూట ఎవరి తరఫో లెక్కవేసే ఓపిక ముల్లుకి లేకపోయింది. గాలి ఎటుంటే అటు తిరిగే కోడిబొమ్మ అనుకున్నాడు.

ప్రొఫెసర్ ఏ కాలేజీలోనూ పాఠం చెప్పలేదు. ఆ పేరు తనకి తనే పెట్టుకున్నాడు. గది నాలుగు గోడలకీ అరలు, అరల నిండా పాత కంప్యూటర్లు, ఒక్కోదాని మీదా పసిపిల్లకి కప్పినట్టు ప్లాస్టిక్ కవరు. మధ్య బల్ల మీద అసలు యంత్రం మూత తీసి ఉంది. దాని పొట్టలో కార్డు నిలబడి ఉంది, పక్కనుంచి టేబుల్ ఫ్యాన్ రయ్యిమని కార్డు మీదకే కొడుతోంది. తీసిన మూత కిటికీ దగ్గర ఎండలో ఉంది. వయసుకి పసుపెక్కిన ప్లాస్టిక్‌కి పెరాక్సైడ్ పూత పూసి, పారదర్శక కాగితం చుట్టి, ఎండబెట్టి తెల్లగా చేశాడు. మాటల మధ్యలో లేచి వెళ్ళి ఆ మూతని నిమిరి వస్తున్నాడు.

"చూడు, ముప్ఫై ఏళ్ళ కిందట పెట్టెలోంచి తీసినప్పుడు కూడా ఇంత తెల్లగా లేదు," అన్నాడు.

"బావుంది సార్. మా షాపులో కూడా ముసలివాళ్ళు జుట్టుకి రంగేసుకుని వస్తారు," అన్నాడు ముల్లు.

ప్రొఫెసర్ గోల్డ్‌ఫ్రేమ్ కళ్ళజోడు మీంచి చూశాడు. మొదటి ముల్లు గుచ్చుకుంది.

పని మొదలైంది. క్రిస్టల్ కాళ్ళు పట్టే సాకెట్ ముందే అతికించి పెట్టుకున్నాడు కాబట్టి పీకడం, పెట్టడం క్షణాల మీద అవుతోంది. ముప్ఫై మూడు పెట్టాడు. స్పీడ్ టెస్ట్ నడిపాడు, తెర మీద గీత కాస్త పొడవెక్కింది. నలభై పెట్టాడు. గీత ఇంకా సాగింది. ఆ తర్వాత అసలు పరీక్ష. దొంగిలించిన పాత మెసేజ్ ఒకటి, అర్థం ముందే తెలిసినది, విప్పించి చూశాడు. అక్షరం పొల్లుపోలేదు. ప్రొఫెసర్ చేతులు దులుపుకుని, చాలన్నాడు.

నలభై దగ్గర ఆగితే చెల్లెలు దొరికిపోతుంది. ముల్లు ఆ సంగతి ముఖంలో కనబడనివ్వలేదు. మెల్లగా పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"మంచిది సార్. నలభై మర్యాదైన స్పీడు. మీ వయసువాళ్ళకి అదే క్షేమం."

"క్షేమమా?"

"యాభై క్రిస్టల్ మొన్ననే ఒకటి అమ్మాను లెండి. మా వీధిలో కుట్టుమిషన్లు రిపేరు చేసే ఆవిడ. ఇదే మోడల్ కార్డు. తీరిక దొరికినప్పుడు ఆడుకుంటుంది. యాభై మీద నడిపిస్తోంది, వాళ్ళ మనవరాలు దాని మీద పాములాట ఆడుతోంది."

"అబద్ధం," అన్నాడు ప్రొఫెసర్.

"అయ్యుండొచ్చు సార్. నేను అమ్ముకునేవాణ్ణి, నాకేం తెలుసు. మీ పేరు చెబితే ఆవిడ అడిగింది, ఎవరాయన అని."

ప్రొఫెసర్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా వాడు పూర్తిగా తెలివితక్కువవాడు కాదు. వేడి సంగతి ఎత్తాడు. పని జరిగిపోతుంటే ప్రాణం మీదకి తెచ్చుకోవడం ఎందుకన్నాడు. అంతవరకూ గోడకి ఆనుకుని గోళ్ళు చూసుకుంటున్న ముత్యం అప్పుడు తలెత్తింది.

"డైరెక్టర్ గారికి ఫోన్లో ఇరవై నిమిషాలని చెప్పారు కదా మీరు," అంది. "నలభై మీద పాతిక అవుతుందేమో కదూ?"

ప్రొఫెసర్ యాభై అందుకున్నాడు. మీటర్ మీద పెట్టి చూశాడు, సాకెట్‌లో నొక్కాడు, స్విచ్ వేశాడు. యంత్రం లేచింది. తెర మీద గీత ఆ చివరిదాకా పోయింది. పాత మెసేజ్ మళ్ళీ పెట్టాడు. ముల్లు తెరనే చూశాడు. ఒక్క తప్పు పడితే నలభైకి తిరిగిపోతాడు, అది ఒక భయం. ఒక్క తప్పూ పడకపోతే? ఆ భయం అతను ముందు పడలేదు.

ఒక్క తప్పూ పడలేదు.

పెన్ను క్లిప్పు మీద యాభై నాలుగు డిగ్రీలు. ఫ్యాన్ గాలికి చిప్ హాయిగా ఉంది. వేల చిప్‌ల్లో ఎక్కడో ఒకటి పుట్టుకతోనే గట్టిది తగులుతుందని స్క్రూ బాబాయి అననే అన్నాడు, మనకి తగలదులే అని కూడా అన్నాడు. ఆ గట్టిది ఈ పనికిమాలినవాడికి తగిలింది.

"వెళ్ళి చెప్పు మీ కుట్టుమిషన్ల ఆవిడకి," అన్నాడు ప్రొఫెసర్. ముఖం వెలిగిపోతోంది. "కాదు, కూర్చో. అయ్యేదాకా ఇక్కడే ఉండి చూసి మరీ వెళ్ళి చెప్పు." తలుపుకి తాళం పడింది.

ముల్లు స్టూలు మీద కూర్చున్నాడు. పాతిక నిమిషాలని ఇరవై చేసిపెట్టాడు తను. తుపాకులు పట్టుకున్నవాళ్ళకి తీరిగ్గా కాపు వెయ్యడానికి ఇంకో అయిదు నిమిషాలు, చెల్లెలి ప్రాణంలోంచి కోసి, కొసరుగా ఇచ్చాడు. ఈ నోటికి మెడల్ ఒకటి.

*

డైరెక్టర్ సాయంత్రం అయిదవుతుండగా వచ్చాడు. పొడుగ్గా, ఇస్త్రీ మడతల్లో, ముక్కుతో లోకాన్ని చూసే మనిషి. వెంట ఇద్దరు. కింద జీపులో ఇంకో నలుగురు, ఇంజన్ ఆపకుండా. ముల్లు వైపు వేలు చూపించి, ఈ శాల్తీ ఎవరన్నాడు. పార్టుల మనిషని ముత్యం చెప్పింది. డైరెక్టర్ ఇంకోసారి అటు చూడలేదు. కొంగ చేపనే చూస్తుంది, నాచుని చూడదు.

రేడియో కరకరలాడింది. అఖాతం మధ్య నుంచి మెసేజ్ వచ్చింది. ప్రొఫెసర్ దాన్ని యంత్రంలోకి ఎక్కించి కీ నొక్కాడు. తెర మీద నాలుగు గళ్ళు, ఒక్కో గడికీ అయిదేసి నిమిషాలు.

మొదటి లైను విప్పుకుంది. అది చెల్లెలి కోడ్‌నేమ్. ఆ పేరు ఆ గదిలో, ఆ తెర మీద చూసేసరికి ముల్లు పెన్నుని కార్డు వైపు తిప్పాడు. రెండో లైను విప్పుకుంది, గాలి పడమర నుంచి అని. నిజమే, కిటికీ కర్టెన్ తూర్పుకే ఊగుతోంది. యంత్రం అబద్ధమాడడం లేదు. పెన్ను మీద యాభై ఆరు. డైరెక్టర్ గడియారం చూసుకుని తలాడించాడు.

ముల్లు లేవబోయాడు. వెనక నిలబడ్డవాడి చెయ్యి భుజం మీద పడి మళ్ళీ కూర్చోబెట్టింది. ఫ్యాన్ వైరు నాలుగడుగుల దూరంలో ఉంది. నాలుగడుగులు వేసేలోపు వీపులో తూటా ఉంటుంది. అయినా వేద్దామనే అనుకున్నాడు.

అప్పుడు ముత్యం నవ్వింది, పార్టీల్లో నవ్వే నవ్వు.

"డైరెక్టర్ గారూ, హెడ్ ఆఫీసుకి ఒక ఫొటో పంపొద్దూ? ఇంత పని జరుగుతుంటే రుజువు లేకపోతే ఎలా?"

డైరెక్టర్ చెయ్యి టై మీదకి వెళ్ళింది.

"కాని ఈ పేగులు బయటపడేసిన యంత్రాన్నా పంపేది?" అని ముక్కు ముడిచింది ముత్యం. "ప్రొఫెసర్ గారు ఆ మూతని పాలలా చేసి పెట్టుకున్నారు. దాన్ని పెట్టి తీస్తే రేపు హెడ్ ఆఫీసు గోడ మీద మీ ఇద్దరూ ఉంటారు."

ప్రొఫెసర్ ఒక్క క్షణం తటపటాయించాడు. కార్డు వైపు చూశాడు, మూత వైపు చూశాడు. ఇన్నేళ్ళూ ఆ మూతని నిమిరింది తనొక్కడే, చూసి మెచ్చుకున్నవాడు లేడు. కిటికీ దగ్గరికి వెళ్ళి రెండు చేతులా ఎత్తుకొచ్చి యంత్రం మీద పెట్టాడు. క్లిప్పులు టక్కుమన్నాయి. ఫొటోలో పడుతుందని ముత్యం కాలితో టేబుల్ ఫ్యాన్‌ని పక్కకి జరిపింది. అది వెళ్ళి గోడకి గాలి విసరడం మొదలుపెట్టింది.

ఒకటి తీసింది. డైరెక్టర్ గారి గడ్డం నీడలో పడిందంది. ఇంకోటి తీసింది. ప్రొఫెసర్ కళ్ళు మూశాడంది. చెయ్యి యంత్రం మీద వేసి నిలబడమంది, కన్నబిడ్డ మీద వేసినట్టు. ముల్లు పెన్నుని మూత సందుకేసి తిప్పాడు. అరవై మూడు. డైరెక్టర్ పక్కకి తిరిగి నిలబడ్డాడు, ఆ వైపు బావుంటాడట. అరవై తొమ్మిది. మూడో లైను విప్పుకుంది, సరుకు భద్రం అని, కాని మధ్యలో ఒక అక్షరం చెదిరింది. ఎవరూ చూడలేదు, అందరూ కెమెరాలోకి చూస్తున్నారు. డెబ్భై నాలుగు.

నాలుగో గడి నిండింది. డైరెక్టర్ ఫోన్ అందుకుని, జీపులోవాళ్ళు సిద్ధమేనా అని కనుక్కుని, తెర వైపు తిరిగాడు.

తెర మీద చుక్కలు, గీతలు, తలకిందులైన బ్రాకెట్లు, రెండు ప్రశ్నార్థకాలు. వాటన్నిటి మధ్యలో, పెంటకుప్ప మీద కోడిలా, ఒక ఏడు.

"ఏమిటిది?" అన్నాడు డైరెక్టర్.

ప్రొఫెసర్ ముఖంలో రక్తం ఇంకిపోయింది. వాడికి తెలిసిపోయిందని ముల్లుకి తెలిసిపోయింది. ఇంకా పది నిమిషాల వ్యవధి ఉంది. మూత తీసి, ఫ్యాన్ తిప్పి, నలభై పెట్టి ఆ ఒక్క లైను మళ్ళీ నడిపితే ఆరేడు నిమిషాల్లో నిజం బయటికొస్తుంది. ప్రొఫెసర్ చెయ్యి మూత క్లిప్పు మీదకి వెళ్ళింది. నోరు తెరిచాడు.

"మరేం ఫర్వాలేదు సార్," అన్నాడు ముల్లు స్టూలు మీంచి, జాలిపడుతున్నట్టు. "యాభై అందరికీ పట్టుబడదు. ఆవిడకి కూడా మొదట్లో తప్పులే వచ్చాయి. వాళ్ళ మనవరాలు సరిచేసింది."

డైరెక్టర్ ముక్కు ప్రొఫెసర్ వైపు తిరిగింది.

"మీ యంత్రం తప్పు చేసిందా?"

ప్రొఫెసర్ ముల్లుని చూశాడు. అరిగిన కోటు, మందపాటి అద్దాలు, పెదవి చివర ఆ నవ్వు. వాడి చెయ్యి క్లిప్పు మీంచి మెల్లగా జారి, మళ్ళీ ఆ తెల్లటి మూత మీద పడింది.

"నా యంత్రం తప్పు చెయ్యదు," అన్నాడు. "ఈ గుర్తులు... ఇది వాళ్ళ షార్ట్‌హ్యాండ్. చూసేవాడికి చెత్తలా కనబడాలనే అలా రాస్తారు. అసలు సంగతి ఈ అంకె. ఏడో రేవు."

"నమ్మకమేనా?"

"నేనెవరనుకున్నారు?"

డైరెక్టర్ ఫోన్లో చెప్పాడు. వెంట వచ్చిన ఇద్దరూ కిందకి పరిగెత్తారు. వాళ్ళు ఎక్కగానే జీపు ఉరికింది. ప్రొఫెసర్ కుర్చీలో కూలబడి, వేడెక్కిన మూత మీంచి చెయ్యి తీసుకుని, కాలిన అరచేతిని చూసుకున్నాడు.

*

సరుకులు దింపే లిఫ్టులో ముత్యం అతన్ని కిందకి దించింది. ఇద్దరికీ మధ్య ఒక ఖాళీ చెక్కపెట్టె. ఫ్యాన్ సంగతి నీకెలా తెలుసని అడిగాడు. పెన్ను ఉన్నవాడు ప్రతి నిమిషం దానివైపే చూసుకుంటుంటే అది రాసే పెన్ను కాదని తెలుస్తుంది, క్లిప్పు మీద అంకెలు చూస్తే అంతగా చెమటలు ఎందుకు పోస్తున్నాయో కూడా తెలుస్తుంది అంది. అందుకు థాంక్స్ చెప్పాలి. ఆ మాట ముల్లు నోటికి అలవాటు లేదు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"కష్టపడకు," అంది ముత్యం. "నువ్వు వాణ్ణి మధ్యాహ్నం నుంచీ తిడితే యాభై ఆరు డిగ్రీలు దాటలేదు. నేను రెండు నిమిషాలు పొగిడితే డెబ్భై నాలుగైంది. ఇంటికెళ్ళి ఆలోచించుకో."

"ఆఖర్న వాడి చెయ్యి ఆపింది నేనే."

"అది ఒప్పుకుంటాను. అందుకే ఫొటోలో నువ్వు కూడా పడ్డావు, మూలగా. మీ పెద్దాయనకి ఒక కాపీ, వాళ్ళకి ఒక కాపీ. రెండింటికీ వేరే వేరే బిల్లు."

లిఫ్టు ఆగింది. వెనక వీధిలోకి తోసి, షటర్ దించేసింది. ఈవిడ ఈ పూట ఎవరి తరఫో ముల్లుకి అప్పటికీ అర్థం కాలేదు.

వీధి చివర ఫోన్ బూత్‌లో అతను పెద్దాయన నంబరు తిప్పాడు. అవతల ఎత్తేదాకా మోగిన ప్రతి మోతా ఒక రేవులా గడిచింది. పెద్దాయన గొంతు ఎప్పటిలాగే చప్పగా ఉంది. ఏడో రేవులో ఆరుగురు మనుషులు ఖాళీ నీళ్ళకి తుపాకులు గురిపెట్టి నిలబడ్డారట, ఇంకా నిలబడే ఉన్నారట. రెండో రేవులో లాంచీ ఆగింది. చెల్లెలు దిగింది. తడిసిందిగాని బావుంది.

ముల్లు బూత్ గాజుకి నుదురు ఆనించాడు.

"నా గురించి అడిగిందా?" అన్నాడు చివరికి.

"అడిగింది. నా కోసం అన్నయ్య ఏం చేశాడని."

"ఏం చెప్పారు?"

"ఉన్న మాటే చెప్పాను. ఒక గదిలో కూర్చుని, ఒకణ్ణి సాయంత్రం దాకా తిట్టాడని చెప్పాను."

"ఏమంది?"

"దానికి మీరు జీతం కూడా ఇస్తున్నారా అంది."